ఐపీఏ బీరును రుచి చూసి అంచనా వేయడం ఎలా

ఐపీఏ, అంటే ఇండియా పేల్ ఏల్ అనే బీరు, మొదటిసారి తాగినవాళ్లలో చాలామంది అనే మాట ఒక్కటే: ‘అబ్బ, ఎంత చేదో!’ అలవాటైనవాళ్లు కూడా ఎక్కువగా ఆ చేదు దగ్గరే ఆగిపోతారు. ఎంత చేదుంటే అంత గొప్ప ఐపీఏ అని కొందరు, చేదు తగ్గితేనే మంచిదని కొందరు వాదిస్తారు. చేదు ఎంత ఉందన్నది నాకు చిన్న ప్రశ్నగానే కనిపిస్తుంది. అది ఎలా వచ్చింది, ఎంతసేపు నిలిచింది, పోతూ పోతూ నోటిలో ఏం మిగిల్చింది అన్నవే అసలు ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పగలిగితే మీరు ఐపీఏని అంచనా వేయగలిగినట్టే. అందుకు పుట్టుకతో వచ్చే ప్రత్యేకమైన నాలుక అక్కర్లేదు. కాస్త ఓపిక, ఒక కాగితం, ఒక పెన్ను చాలు.

ఇందులో తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. మనకు చేదు వేరు, వగరు వేరు, కారం వేరు, ఘాటు వేరు. బీరు రుచిలో ఈ నాలుగూ కలిసి వస్తాయి. వీటిని విడదీయడమే కొత్తవాళ్లకు కష్టమైన పని. ఆ మాటలు మీ దగ్గర ముందే ఉన్నాయి కాబట్టి మొహమాటపడకుండా తెలుగులోనే ఆలోచించండి, తెలుగులోనే రాసుకోండి.

చేతిలో ఉన్నది ఏ రకం ఐపీఏ?

ముందు ఇది తేల్చుకోవాలి. మబ్బుగా ఉండాల్సిన బీరును ‘తేటగా లేదు’ అని తప్పుపట్టడం, తేటగా ఉండాల్సినదాన్ని ‘పండ్ల రసంలా లేదు’ అని తక్కువ చేయడం, రెండూ అన్యాయమే.

ఇండియా పేల్ ఏల్ అనే పేరు వెనుక ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. ఇంగ్లండ్ నుంచి ఇండియాకు ఓడలో నెలల తరబడి ప్రయాణించినా బీరు చెడిపోకూడదని ఎవరో ఒకాయన ఎక్కువ హాప్స్ (బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే ఒక తీగ పూలు) వేసి దీన్ని కనిపెట్టాడని చెబుతారు. నిజం అంత సూటిగా లేదు. వేడి దేశాలకు పంపే బీరులో హాప్స్ ఎక్కువ వేయాలన్న సంగతి 18వ శతాబ్దంలోనే బీరు తయారుచేసే బ్రూయర్లకు తెలుసు. అదే ఓడల్లో పోర్టర్ అనే నల్ల బీరు కూడా ఇండియాకు చేరేది. లండన్‌లో బో ప్రాంతంలోని హాడ్జ్‌సన్ బ్రూవరీ ఈ లేత రంగు ఏల్ ఎగుమతిలో పేరు తెచ్చుకుంది. 1820లలో ఇంగ్లండ్‌లోనే బర్టన్ పట్టణంలోని ఆల్సాప్, బాస్ లాంటి బ్రూవరీలు ఆ వ్యాపారంలోకి వచ్చాయి. బర్టన్ నీటిలో జిప్సం ఎక్కువ. జిప్సంలోని సల్ఫేటు వల్ల హాప్స్ చేదు పొడిగా (అంటే తీపి మిగలకుండా), పదునుగా తేలుతుంది. ఇప్పటికీ చేదు పదును కావాలనుకునే బ్రూయర్లు నీటిలో జిప్సం కలుపుతారు. గ్లాసులో మీరు రుచి చూసేదాంట్లో నీటి వంతు కూడా ఉంటుందని చెప్పడానికే ఈ కథ ఎత్తుకున్నాను.

అమెరికాలో 1972లో కాస్కేడ్ అనే హాప్ రకం విడుదలైంది. 1975లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ దాన్ని దండిగా వాడి లిబర్టీ ఏల్ తయారుచేసింది. గ్రేప్‌ఫ్రూట్ (పంపరపనస లాంటి పండు) తొక్క, పైన్ చెట్ల వాసనతో వచ్చిన అమెరికన్ ఐపీఏకి దారి అక్కడే పడింది. 2004లో వెర్మాంట్ రాష్ట్రంలో ది ఆల్కెమిస్ట్ వాళ్లు హెడీ టాపర్ అనే మబ్బు బీరు మొదలుపెట్టారు. హేజీ ఐపీఏకి, అంటే మబ్బు ఐపీఏకి, దాన్నే పెద్దదిక్కుగా చెప్పుకుంటారు.

ఈరోజు మీ చేతికి వచ్చేవి ఎక్కువగా మూడు రకాలు. ఇంగ్లీషు ఐపీఏలో మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) బిస్కెట్‌లా ఉంటుంది, హాప్స్ మట్టి వాసనతో, పూల వాసనతో ఉంటాయి. వెస్ట్ కోస్ట్ (అమెరికా పడమటి తీరం) తరహా అమెరికన్ ఐపీఏ తేటగా, పొడిగా, చేదు ముందుండి నడిపేలా ఉంటుంది. హేజీ ఐపీఏ ఓట్స్, గోధుమల వల్ల మెత్తగా, మబ్బుగా ఉంటుంది. దాంట్లో పండ్ల వాసన ముందుకొచ్చి చేదు వెనక్కి తగ్గుతుంది. బీరు పోటీల్లో న్యాయనిర్ణేతలు వాడే బీజేసీపీ మార్గదర్శకాల్లో అమెరికన్ ఐపీఏకి ఆల్కహాల్ 5.5 నుంచి 7.5 శాతం, చేదు 40 నుంచి 70 ఐబీయూ. హేజీకి 6 నుంచి 9 శాతం, 25 నుంచి 60 ఐబీయూ.

ఐబీయూ అంటే లీటరు బీరులో సుమారుగా ఎన్ని మిల్లీగ్రాముల ఐసో ఆల్ఫా ఆమ్లాలు ఉన్నాయో చెప్పే లెక్క. హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు మరుగుతున్న ద్రవంలో రూపం మారి చేదైన ఐసో ఆల్ఫా ఆమ్లాలుగా తయారవుతాయి. ఈ అంకెను చూసి రుచిని ఊహించకండి. మాల్ట్ తీపి ఎక్కువున్న 60 ఐబీయూ బీరు మెత్తగా అనిపించవచ్చు. బాగా పొడిగా ఉన్న 45 ఐబీయూ బీరు నాలుకను పట్టేయవచ్చు.

కొనేటప్పుడే సగం పని

ఐపీఏ నిల్వ ఉంచితే మెరుగయ్యే సరుకు కాదు. డ్రై హాపింగ్‌లో, అంటే పులియబెట్టే దశలోగానీ ఆ తర్వాతగానీ చల్లారిన బీరులో హాప్స్ నానబెట్టినప్పుడు వచ్చిన ఆ సువాసనే ముందుగా తరిగిపోతుంది. అందుకే క్యాన్ అడుగునో సీసా మెడ మీదో ఉన్న ప్యాకింగ్ తేదీ చూడండి. ‘ఈ తేదీలోపు వాడాలి’ అన్న ముద్ర ఒక్కటే ఉంటే అది పెద్దగా ఉపయోగపడదు, ఎందుకంటే ఆ గడువు ఒక్కో బ్రూవరీకి ఒక్కోలా ఉంటుంది. నేను పాటించే లెక్క: వెస్ట్ కోస్ట్ రకమైతే ప్యాక్ చేసి మూడు నెలలు దాటకూడదు, హేజీ అయితే రెండు నెలలు దాటకూడదు. చల్లగా నిల్వ ఉంచినప్పుడే ఈ లెక్క పనికొస్తుంది. అల్మారాలో వెచ్చగా కూర్చున్న నెల రోజుల బీరు కంటే ఫ్రిజ్‌లో ఉన్న మూడు నెలల బీరే చాలాసార్లు బాగుంటుంది.

మరీ తాజాదనం కూడా ఒక్కోసారి ఇబ్బందే. హాప్స్ బాగా దట్టించిన హేజీని ప్యాక్ చేసిన రెండు మూడు రోజులకే తాగితే గొంతులో మిరియాల మంటలాంటిది తగులుతుంది. దాన్ని హాప్ బర్న్ అంటారు. ఒకటి రెండు వారాలు ఫ్రిజ్‌లో నిలబెడితే హాప్స్ నలుసులు అడుగుకు చేరి ఆ మంట చాలావరకు తగ్గుతుంది.

సీసా కంటే క్యాన్ నయం. సూర్యకాంతి, ట్యూబ్‌లైట్ వెలుగు తగిలితే ఐసో ఆల్ఫా ఆమ్లాలు విరిగి, గంధకంతో కూడిన ఒక కంపు పదార్థం తయారవుతుంది. ముదురు గోధుమ రంగు సీసా ఆ వెలుగును చాలావరకు ఆపుతుంది. పచ్చ సీసా, తెల్ల సీసా ఆపలేవు. నేరుగా ఎండ పడితే కొద్ది నిమిషాలు చాలు.

గ్లాసు, చల్లదనం, గది

నోరు కొంచెం లోపలికి వంగిన గ్లాసు కావాలి. ట్యులిప్ ఆకారపు బీరు గ్లాసు మంచిది, అది లేకపోతే వైన్ గ్లాసు ఏ లోటూ రానివ్వదు. తిన్నటి పొడవు గ్లాసులో వాసన పైకి వచ్చినట్టే వచ్చి చెదిరిపోతుంది. ఫ్రీజర్‌లో పెట్టి మంచు కట్టించిన గ్లాసు మాత్రం వద్దే వద్దు.

గ్లాసు శుభ్రంగా ఉందో లేదో బీరే చెబుతుంది. పోశాక గ్లాసు లోపలి గోడకు బుడగలు గుంపులుగా అతుక్కుని కదలకుండా ఉంటే అక్కడ జిడ్డో సబ్బో మిగిలి ఉన్నట్టు. ఒకసారి నేను ఒక బీరుకు తడిగుడ్డ వాసన ఉందని రాసి మార్కులు తగ్గించాను. అదే క్యాన్‌లో మిగిలినదాన్ని వేరే గ్లాసులో పోస్తే ఆ వాసనే లేదు. మొదటి గ్లాసును ఆరని గుడ్డతో తుడిచాను, ఆ వాసన దాన్నుంచి వచ్చింది. అప్పటినుంచి గ్లాసును వేడినీళ్లతో కడిగి బోర్లించి, దానంతట అదే ఆరేదాకా వదిలేస్తున్నాను. పోసే ముందు ఖాళీ గ్లాసును ఒకసారి వాసన చూడటం కూడా అలవాటైంది. మీరూ చేసుకోండి.

ఫ్రిజ్‌లోంచి తీసిన బీరు 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలికి వాసన విచ్చుకోదు, నాలుక కూడా మొద్దుబారుతుంది. పది పదిహేను నిమిషాలు బయట ఉంచి, 7 నుంచి 10 డిగ్రీల మధ్యకు వచ్చాక మొదలుపెట్టండి. గదిలో అగరబత్తి, వంట వాసన, సెంటు ఏమీ ఉండకూడదు. కాఫీ తాగి ఉన్నా, పళ్లు తోముకుని ఉన్నా కనీసం గంట ఆగండి. పక్కన మామూలు నీళ్లు, రుచీ పచీ లేని బ్రెడ్ ముక్క ఉంటే చాలు.

ఒక్కసారి కూర్చున్నప్పుడు నాలుగు బీర్లకు మించి రుచి చూడకండి, ఒక్కొక్కటి 75 మిల్లీలీటర్లు చాలు. నాలుగూ కలిపితే 300 మిల్లీలీటర్లు అవుతాయి, అదీ మామూలు లాగర్ బీరు కంటే ఘాటైన బీరు. ఆ తర్వాత బండి నడపకండి. చేదు తక్కువున్న దాంతో మొదలుపెట్టి ఎక్కువున్న దాని వైపు వెళ్లండి. వెనక్కి వస్తే మెత్తటి బీరు నీళ్లలా అనిపిస్తుంది.

పోయడం, చూడడం

గ్లాసును వంచి సగం దాకా పోసి, తర్వాత నిలబెట్టి మధ్యలోకి పోయండి. రెండు వేళ్ల మందం నురగ రావాలి. ఆ నురగ వాసనను పట్టి ఉంచి మెల్లగా వదులుతుంది కాబట్టి దాన్ని వృథా అనుకోకండి. హాప్స్‌లోని చేదు పదార్థాలు కూడా నురగను నిలబెడతాయి. మంచి ఐపీఏ తాగుతుంటే గ్లాసు గోడ మీద నురగ తెరలు తెరలుగా మిగులుతుంది.

రంగు చూడటానికి గ్లాసును తెల్ల కాగితం ముందు పట్టుకోండి. వెస్ట్ కోస్ట్ రకం బంగారు రంగు నుంచి లేత రాగి రంగు దాకా ఉండొచ్చు. హేజీ అయితే పాలిపోయిన పసుపు నుంచి నారింజ దాకా ఉంటుంది. ఆ హేజీ బూడిద రంగుకో మట్టి రంగుకో తిరిగిందంటే గాలి తగిలి పాడైందని దాదాపు ఖాయం. చూడటానికి ఇంతకంటే ఎక్కువ సమయం వద్దు. ఈలోపు వాసన ఎగిరిపోతుంది.

వాసన: ఇక్కడ నిదానించండి

ఐపీఏలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. తొందరపడితే బీరులో సగం మీకు అందకుండానే పోతుంది.

పోసిన వెంటనే గ్లాసును ముక్కుకు జానెడు దూరంలో అటూ ఇటూ ఒకసారి కదపండి. దూరం నుంచే వాసన పలకరించిందా? తర్వాత దగ్గరకు తెచ్చి, కుక్కపిల్ల మూచూసినట్టు రెండు మూడు చిన్న చిన్న పీల్పులు. ఆగండి. మొదట తట్టిన మాట ఏదైనా సరే కాగితం మీద పెట్టండి. అప్పుడు గ్లాసును మెల్లగా తిప్పి, అరచేత్తో మూసి, అయిదు సెకన్ల తర్వాత చెయ్యి తీసి ఒక్క పొడుగు శ్వాస తీసుకోండి. నాలుగైదు సార్లకు ముక్కు అలిసిపోతుంది. అప్పుడు మీ మోచేతి మడతను వాసన చూడండి. మీ ఒంటి వాసనకు మీ ముక్కు ఎప్పుడూ అలవాటుపడే ఉంటుంది కాబట్టి అది మళ్లీ మొదటి స్థితికి వస్తుంది.

ఈ మాటలన్నీ లేబుల్ చదవకముందే రాయాలి. ‘మామిడి, ప్యాషన్ ఫ్రూట్’ అని లేబుల్ మీద చదివితే మీ ముక్కుకు అవే తగులుతాయి. ఎవరైనా పక్కనుంటే వాళ్లను పోయమనండి, క్యాన్ మీకు కనపడకుండా ఉంచమనండి.

ఏ వాసనో పేరు తట్టనప్పుడు పెద్ద గుంపు నుంచి చిన్న గుంపుకు రండి. ఇది పండా, పువ్వా, చెట్టు జిగురా, పచ్చగడ్డా, మట్టా, మసాలా? పండైతే పుల్లటి జాతా, తియ్యటి జాతా? పుల్లటిదైతే నిమ్మా, నారింజా, గ్రేప్‌ఫ్రూటా? నారింజైతే తొక్క వాసనా, తొన రసం వాసనా? మామిడి అనిపిస్తే పచ్చిదా, దోరదా, మగ్గినదా? ఆ చివరి ప్రశ్న దాకా వెళ్లడమే అసలైన సాధన. ‘మామిడి’ అని రాసిన కాగితం వారం తర్వాత మీకేమీ గుర్తు చేయదు. ‘దోరమామిడి, పైన కాస్త పైన్ జిగురు’ అని రాసుకుంటే బీరు మొత్తం కళ్లముందుకు వస్తుంది.

ఇదంతా ఊహ అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. హాప్స్ నూనెల్లో మిర్సీన్ ఉంటుంది, అది మామిడిలోనూ ఉంది. లినలూల్ ధనియాల్లో ఉంది, జెరానియోల్ గులాబీలో ఉంది, కారియోఫిలీన్ మిరియాల్లో, లవంగాల్లో ఉంది. ప్యాషన్ ఫ్రూట్, జామ లాంటి వాసనలు థయోల్స్ అనే గంధక పదార్థాల నుంచి వస్తాయి, అవి అతి స్వల్పంగా ఉన్నా ముక్కుకు తెలుస్తాయి. కాబట్టి మీకు ధనియాల వాసన తగిలితే నిస్సంకోచంగా ధనియాలనే రాయండి.

రాయడం అయ్యాక లేబుల్ మీద హాప్స్ పేర్లు చూసి పోల్చుకోండి. కాస్కేడ్ అంటే గ్రేప్‌ఫ్రూట్, పూలు. చినూక్ అంటే పైన్ జిగురు. సిట్రా అంటే నిమ్మ, మామిడి, లిచీ. మొజాయిక్‌లో బ్లూబెర్రీ లాంటి పండ్లు. ఆస్ట్రేలియా గెలాక్సీలో ప్యాషన్ ఫ్రూట్, న్యూజిలాండ్ నెల్సన్ సావిన్‌లో తెల్ల ద్రాక్ష. సబ్రోలో కొబ్బరి స్పష్టంగా తగులుతుంది. ఇంగ్లండ్ ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్‌లో పూలు, మట్టి, కాస్త తేనె. ఇలా పదిపదిహేను బీర్లు పోల్చేసరికి కొన్ని హాప్స్ మీకు గొంతు విని గుర్తుపట్టే స్నేహితుల్లా అయిపోతాయి.

వాసనలో మాల్ట్‌ను మరిచిపోకండి. హాప్స్ తెర వెనుక బ్రెడ్, బిస్కెట్, కొంచెం తేనె ఉన్నాయా? అవి ఉంటే రుచిలో చేదుకు ఆసరా ఉంటుందని ముందే తెలుస్తుంది.

గుక్క, ఆ తర్వాత వచ్చే చేదు

మొదటి గుక్కతో ఏ తీర్పూ వద్దు. అది నోటిని తడిపి బీరుకు అలవాటు చేయడానికే. అర నిమిషం ఆగి రెండో గుక్క తీసుకోండి. ఒక పెద్ద చెంచాడు చాలు. మూడు నాలుగు సెకన్లు నోటిలో అంతటా తిరగనిచ్చి మింగండి, వెంటనే నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. ఆ గాలితోపాటు గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరే వాసనే మనం ‘రుచి’ అనుకునేదాంట్లో ఎక్కువ భాగం. గ్లాసులో నారింజలా ఉన్నది ఇక్కడ నారింజ తొక్కలా మారొచ్చు, పూలు మాయమై పైన్ తేలొచ్చు. వాసనకూ రుచికీ మధ్య ఏం మారిందో ఒక ముక్క రాయండి.

వైన్ రుచి చూసేవాళ్లలా ఉమ్మేయకుండా మింగమనడానికి కారణం చేదే. తీపి నోటిలో పడగానే తెలుస్తుంది. చేదు ఆలస్యంగా వస్తుంది, మింగిన తర్వాతే పెరుగుతుంది. దీన్ని పట్టుకోవడానికి నేను ఒక పద్ధతి వాడతాను. కాగితం మీద ఒక అడ్డగీత గీసి అయిదు సెకన్లకు ఒక చుక్క చొప్పున ముప్పై సెకన్ల దాకా గుర్తు పెట్టుకుంటాను. మింగిన క్షణం నుంచి మనసులో లెక్కపెడుతూ చేదు పెరిగితే పెన్ను పైకి, తగ్గితే కిందికి జరుపుతాను. ముప్పై అయ్యేసరికి కాగితం మీద చేదు బొమ్మ ఉంటుంది.

మంచి వెస్ట్ కోస్ట్ ఐపీఏ బొమ్మ చిన్న కొండలా ఉంటుంది. చకచకా ఎక్కి, శిఖరం దగ్గర కాసేపు నిలిచి, శుభ్రంగా దిగుతుంది. దిగాక నోరు పొడిగా, ఇంకో గుక్క కోరేలా ఉంటుంది. మంచి హేజీ బొమ్మ గుట్టలా తక్కువ ఎత్తులో గుండ్రంగా ఉంటుంది. సరిగా రాని బీరు బొమ్మ గోడలా ఉంటుంది: నిటారుగా లేచి ముప్పై దాటినా దిగదు, నాలుక వెనుక గీరుతూనే ఉంటుంది. బొమ్మ అసలు లేవకుండా నేలబారుగా ఉండి తీపి మాత్రమే మిగిలితే అది ఐపీఏ పేరు పెట్టుకున్న మరో బీరు.

ఇప్పుడు విడదీయాల్సిన సమయం. చేదు, నాలుకకు తెలిసే రుచి. వగరు, నాలుకకూ చిగుళ్లకూ తెలిసే స్పర్శ. పచ్చి అరటికాయ కొరికినట్టు నోరు బిగుసుకుంటే అది వగరు. హాప్స్ ఆకుల్లోని, గింజల పొట్టులోని పాలీఫినాల్స్ వల్ల వస్తుంది. డ్రై హాపింగ్ మరీ ఎక్కువైనా, హాప్స్ మరీ ఎక్కువ రోజులు నానినా ముదురుతుంది. కొంచెం ఉంటే బీరుకు బిగువు, ఎక్కువైతే లోపం. ఛాతీలోకి వెచ్చగా దిగేది ఆల్కహాల్. ఏడు శాతం బీరులో అది లేశమాత్రంగా ఉంటే పర్లేదు, గొంతు మండితే పులియబెట్టేటప్పుడు వేడి అదుపు తప్పిందేమోనని అనుమానించాలి. చాలామంది ఈ మూడింటినీ కలిపి ‘చేదు ఎక్కువ’ అనేస్తారు. విడదీసి చూస్తే చాలాసార్లు చేదు సరిగానే ఉంటుంది, ఇబ్బంది పెట్టింది వగరు అయి ఉంటుంది.

చేదు ఒక గుక్క మీద ఇంకో గుక్కగా పేరుకుంటుంది. అందుకే నా తీర్పు మూడో గుక్క తర్వాతే రాస్తాను. గుక్కకూ గుక్కకూ మధ్య ఒక నిమిషం, నడుమ నీళ్లు. సగం గ్లాసు మిగిలినప్పుడు పది నిమిషాలు పక్కన పెట్టేసి మళ్లీ రండి. వెచ్చబడిన బీరు ఏదీ దాచదు. చల్లగా ఉన్నప్పుడు చక్కగా అనిపించిన కొన్ని బీర్లు అప్పుడు జీడిపాకంలా జిగటగా మారతాయి. ఇంకొన్ని అప్పుడే విచ్చుకుంటాయి, అలాంటివాటికి నేను ఒక మార్కు ఎక్కువే వేస్తాను.

బరువు సంగతి కూడా ఇక్కడే. నోటిలో నీళ్లలా ఉందా, పాలలా ఉందా? హేజీ మెత్తగా నిండుగా ఉండాలి, అంతేగానీ గంజిలా ఉండకూడదు. గ్యాసు నాలుకను గుచ్చితే చేదు ఇంకా పదునెక్కుతుంది, చప్పబడితే తీపి బయటపడుతుంది.

లోపాలను పట్టుకోవడం

లోపం అంటే మీకు నచ్చనిది అని కాదు, బ్రూయర్ ఉద్దేశించనిది. ఐపీఏలో మీకు ఎక్కువసార్లు ఎదురయ్యేది గాలి తగలడం వల్ల వచ్చే పాతబడిన రుచి. మొదట హాప్స్ సువాసన మొద్దుబారుతుంది, తర్వాత తేనె లాంటి తీపి పైకి వస్తుంది, చివరికి తడిసిన అట్టపెట్టె వాసన. తాజా బీరులో ఆ అట్టపెట్టె కనిపిస్తే రవాణాలోనో ప్యాకింగ్‌లోనో తేడా జరిగిందన్నమాట.

రెండోది వెన్న, బటర్‌స్కాచ్ వాసన. డైఅసిటైల్ అనే పదార్థం అది, నాలుక మీద నూనె రాసినట్టు జారుడుగా కూడా అనిపిస్తుంది. హాప్స్ ఎక్కువ వేసే బీర్లలో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది. హాప్స్‌లోని ఎంజైములు బీరులో మిగిలిన పిండి చక్కెరలను విరగ్గొడతాయి, బీరును పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్ట్ మళ్లీ పనిలోకి దిగుతుంది, ఆ పని పూర్తికాకముందే ప్యాక్ చేస్తే క్యాన్‌లో వెన్న వాసన పుడుతుంది. అనుమానం ఉంటే గ్లాసును రెండు చేతుల్లో పట్టి వెచ్చబెట్టి వాసన చూడండి, ఉన్నది బయటపడుతుంది.

వెలుగు తగిలిన కంపును స్కంక్ అనే జంతువు వదిలే కంపుతో పోలుస్తారు. ఆ జంతువు తెలియనివాళ్లకు రబ్బరు కాలిన వాసన దగ్గరి పోలిక. పచ్చి యాపిల్ వాసన ఉంటే బీరు పక్వానికి రాలేదు. ఉడికించిన మొక్కజొన్న వాసన మరిగించడంలోని లోపం. పాత చీజ్, విప్పిన సాక్సుల వాసన పాతబడిన హాప్స్‌ది. ఆసుపత్రి వాసన నీటిలోని క్లోరిన్ వల్ల కావొచ్చు. ఉల్లి, వెల్లుల్లి వాసన మాత్రం వివాదంలో ఉంది. కొన్ని హాప్ రకాల్లో, ముఖ్యంగా ఆలస్యంగా కోసిన పంటలో అది సహజంగానే ఉంటుంది. కొంచెం ఉంటే నేను తప్పుపట్టను, పండ్ల వాసనను కమ్మేస్తే తప్పుపడతాను.

మార్కులు

బీజేసీపీ పోటీల్లో 50కి మార్కులు వేస్తారు: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటి స్పర్శకు 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. రూపానికి మూడే ఇవ్వడం గమనించండి. 45 గానీ ఆపైన గానీ వస్తే అత్యుత్తమం, 38 నుంచి 44 దాకా చాలా గొప్పది, 30 నుంచి 37 చాలా మంచిది, 21 నుంచి 29 మంచిది. మొదట్లో అందరూ నచ్చినదానికి 45, నచ్చనిదానికి 15 వేస్తారు. లోపం లేని మామూలు బీరు 30 దగ్గర ఉంటుందని మనసులో పెట్టుకుంటే లెక్క కుదురుతుంది.

అంకె పక్కన రెండు వాక్యాలు వేరువేరుగా రాయండి. ఇది తన రకానికి తగ్గట్టు ఎంత బాగా తయారైంది? ఇది నాకు నచ్చిందా? హేజీ మీకు నచ్చకపోవచ్చు, అయినా చక్కగా చేసిన హేజీకి 42 రావాలి. ఈ రెండు ప్రశ్నలను కలిపేస్తే మీ కాగితం మీకు తప్ప ఇంకెవరికీ పనికిరాదు.

నాలుకకు పదును పెట్టే రెండు పరీక్షలు

ఒకే తేదీ ఉన్న రెండు క్యాన్లు కొనండి. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి గదిలో వెచ్చగా నాలుగు వారాలు ఉంచండి. ముందురోజు రాత్రి రెండోదాన్ని కూడా ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు రెండూ పక్కపక్కన పోసుకోండి. పాతబడడం అంటే ఏమిటో చదివి తెలుసుకున్నదానికంటే ఈ అరగంటలో ఎక్కువ తెలుస్తుంది. వాసనలో ఏం పోయిందో ముందు రాయండి, కొత్తగా ఏం వచ్చిందో తర్వాత.

రెండో పరీక్షకు ఒక తోడు కావాలి. ఒకే రకానికి చెందిన రెండు ఐపీఏలు తీసుకుని మూడు ఒకేలాంటి గ్లాసుల్లో పోయమనండి: రెండింట్లో ఒకే బీరు, ఒకదాంట్లో వేరేది. వేరుగా ఉన్న గ్లాసు ఏదో చెప్పండి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారి సరిగ్గా చెప్పినంత మాత్రాన లెక్కలోకి రాదు. వేర్వేరు రోజుల్లో ఆరుసార్లు చేయండి, అయిదుసార్లు తగిలితే ఆ తేడా మీకు నిజంగానే తెలుస్తోందని నమ్మవచ్చు. పోసేవాళ్లు ప్రతిసారీ గ్లాసుల వరుస మార్చాలి, మీరు గ్లాసులను రంగు చూడకుండా వాసనతోనే మొదలుపెట్టాలి.